జూలై 4కి పిల్లలతో చేయించే పొట్లాలు, కాగితం నక్షత్రాలు: కాస్త సలహా చెప్పండి

చిట్టిగువ్వ:
అందరికీ నమస్తే. మేము మార్చిలో డాలస్ దగ్గర కొత్త ఇంటికి మారాం, ఈ వీధిలో మాకు ఇదే మొదటి జూలై 4, అంటే అమెరికా స్వాతంత్ర్య దినం. ఇక్కడ ఆ రోజు పొద్దున్నే పిల్లలందరూ సైకిళ్ళకి, స్ట్రోలర్లకి రంగు కాగితాలు కట్టుకుని వీధి చివరి దాకా ఊరేగింపుగా వెళ్తారట, తర్వాత అందరూ ఒకచోట చేరి తింటారట. ఎవరెవరు ఏం తెస్తారో రాసుకునే కాగితం ఇంటింటికీ తిరుగుతుంటే, పిల్లలకి తినుబండారాలు పెట్టి ఇచ్చే 40 పొట్లాలు నేను చేస్తానని రాసేశాను. మా పాపకి ఎనిమిదేళ్ళు, బాబుకి ఐదు, ఇద్దరికీ కత్తెర పట్టుకోవడమంటే పండగే, అందుకే అంత ధైర్యంగా రాశాను.

కానీ పోయిన ఆదివారం చేసి చూస్తే ఏదీ సరిగ్గా రాలేదు. తెల్ల కాగితపు కప్పులకి ఎర్ర క్రేప్ పేపర్ చుట్టి, పైన చిన్న చిన్న జెండా బొమ్మలు ప్రింట్ తీసి అతికించాం. పిల్లల చేతుల చెమటకి ఎరుపు దిగి తెలుపంతా గులాబీ రంగు అయిపోయింది. మిగిలినవి గరాజ్‌లో పెడితే సాయంత్రానికి గ్లూ స్టిక్‌తో అంటించినవన్నీ ఊడి కిందపడ్డాయి, ఇక్కడి ఎండ సంగతి మీకు తెలుసుగా. దానికి తోడు, జెండా బొమ్మ ఇలా కప్పుల మీద వేయొచ్చా, ఎవరైనా నొచ్చుకుంటారేమో అని ఇంకో టెన్షన్. ఎదురింటి తాతగారు సైన్యంలో పనిచేసి రిటైర్ అయ్యారు, రోజూ పొద్దున జెండా ఎగరేసి సాయంత్రం తీసి మడత పెట్టుకుంటారు. ఆయన ముందు తప్పు చేయకూడదని నాకు గట్టిగా ఉంది.

లోపల ఏం పెట్టాలి, దేంతో అంటించాలి, జెండా సంగతేంటి, మూడూ చెప్పండి. మా అత్తయ్యగారు, మామయ్యగారు తెనాలి నుంచి వచ్చి ఇక్కడే ఉన్నారు, చేతి సాయానికి లోటు లేదు.

గోదారిగట్టు:
గువ్వ గారూ, ముందు జెండా సంగతి చెప్తాను, ఎందుకంటే మీకొచ్చిన సందేహం చాలా సరైనది. ఇక్కడ 1942లో అమెరికా కాంగ్రెస్ (ఇక్కడి పార్లమెంటు) ఆమోదించిన ఫ్లాగ్ కోడ్, అంటే జెండా నియమావళి ఉంది. అందులో రెండు మాటలు మీ పనికి నేరుగా తగులుతాయి. ఒకటి, జెండాని దేన్నైనా పోసుకోవడానికో, పెట్టుకోవడానికో, మోసుకెళ్ళడానికో వాడకూడదు. రెండోది, ఒకసారి వాడి పారేసే కాగితపు నాప్‌కిన్లు, పెట్టెల్లాంటి వాటి మీద జెండా ముద్రించకూడదు. ఇలా చేశారని ఎవరూ శిక్ష వేయరు, షాపుల నిండా జెండా నాప్‌కిన్లే కదా అనొచ్చు, నిజమే. కానీ నలభై మంది పిల్లలు తిని వదిలేశాక ఆ కప్పులన్నీ గడ్డి మీద, కాళ్ళ కింద, చివరికి చెత్త సంచిలో ఉంటాయి. ఎదురింటి తాతగారు దాన్ని చూస్తూ కూర్చోవాలా?

దారి కూడా ఆ కోడ్‌లోనే ఉంది. అలంకరణకి జెండా బదులు మూడు రంగుల గుడ్డ వాడమంటుంది, అదీ వరసతో సహా: పైన నీలం, మధ్యలో తెలుపు, కింద ఎరుపు. కాబట్టి మీ పొట్లానికి పైన నీలం పట్టీ వేయండి, మధ్యలో తెల్లగా వదిలేయండి, కింది మొన ఎర్రగా ఉంచండి. నీలం మీద ఒక తెల్ల నక్షత్రం అంటించండి, ఒక్కటి చాలు. యాభై నక్షత్రాలు, పదమూడు చారలు పెట్టి బుల్లి జెండా చేయాల్సిన పనే లేదు. చూడగానే జూలై 4 అని తెలుస్తుంది, పారేసినా ఎవరి మనసూ కష్టపడదు.

చిన్నప్పుడు మా బళ్ళో జెండా పండగ ముందురోజు సాయంత్రం మైదా ఉడికించి, పురికొస మీద మూడు రంగుల కాగితపు జెండాలు అతికించేవాళ్ళం. వేళ్ళకి అంటుకున్న మైదా రాత్రి దాకా వదిలేది కాదు. మర్నాడు బూందీ, నిమ్మతొనలు పంచేశాక ఇంటికి పరిగెత్తబోతుంటే మా లెక్కల మాస్టారు గేటు దగ్గర నిలబడి, నేల మీద ఒక్క కాగితపు జెండా కూడా ఉండకూడదు, ఏరండిరా అని అందర్నీ వెనక్కి పంపేవారు. మన 2002 ఫ్లాగ్ కోడ్‌లో కూడా అదే ఉంది, కాగితపు జెండాలని వేడుక అయ్యాక నేల మీద పారేయకూడదు, గౌరవంగా, నలుగురిలో కాకుండా విడిగా తీసేయాలి. అందుకే ఇక్కడి నియమం చదివినప్పుడు నాకు కొత్తగా ఏం అనిపించలేదు.

ఓరుగల్లు పిల్ల:
గోదారిగట్టు గారు చెప్పిందే నా మాట కూడా. ఇక కప్పులు వదిలేయండి గువ్వ గారూ, మీ ఇంట్లోనే మామయ్యగారు ఉన్నారుగా, పొట్లం కట్టడం ఆయన్ని అడగండి! ఆ వయసు వాళ్ళలో పల్లీల పొట్లం కట్టడం రానివాళ్ళు తక్కువ. మా నాన్నకి కిరాణా కొట్టు ఉండేది, సాయంత్రాలు నేను పక్కన స్టూలు మీద కూర్చుని పాత పేపర్లు చింపి ఇస్తుంటే ఆయన కళ్ళు గిరాకీ మీద ఉండగానే చేతులు పొట్లం చుట్టేసేవి.

నేను ఇప్పటికీ అలాగే చేస్తాను. ప్రింటర్ కాగితం కంటే కాస్త మందంగా ఉన్నది తీసుకోండి, మరీ అట్టలాంటి కార్డ్‌స్టాక్ అయితే మడత దగ్గర పగులుతుంది. కాగితాన్ని అడ్డంగా ఎడమ అరచేతి మీద పరిచి, కుడి పక్క మూలని లోపలికి తిప్పుతూ చుట్టండి, కింది మొనని ఎడమ బొటనవేలితో బిగించి పట్టుకోవాలి. అక్కడ వదులైతే మొత్తం వదులే, మరమరాలు కిందనుంచి కారిపోతాయి. చుట్టడం అయ్యాక పైన ఒక మూల మిగిలి నిక్కి ఉంటుంది, దాన్ని అంచు మీదుగా లోపలికి మడిచి గట్టిగా నొక్కండి. ఆ ఒక్క మడతే పొట్లాన్ని పట్టి ఉంచుతుంది. కింది మొనని పైకి రెండుసార్లు మడిచేయండి, అంతే. జిగురు లేదు కాబట్టి గరాజ్ వేడికి ఊడేది కూడా ఏమీ లేదు.

పిల్లలు చుట్టినవి వదులుగా వస్తాయి, వాటికి మాత్రం లోపలి అంచున డబుల్ సైడ్ టేప్ ముక్క వేయండి. స్టేపుల్ పిన్ను వద్దు, ఊడి తిండిలో పడితే ప్రమాదం. నీలం పట్టీ, నక్షత్రం అంటించడానికి కూడా ఆ టేపే వాడండి. క్రేప్ పేపర్‌ని తిండికి దూరంగా పెట్టండి, దాని రంగు తడి తగిలితే చాలు దిగుతుంది. సైకిల్ హ్యాండిల్‌కి కట్టడానికి మాత్రం అదే అందం, అక్కడ వాడండి. నూనె తగిలే వస్తువు పెట్టేట్టయితే లోపల పార్చ్‌మెంట్ పేపర్ ముక్క వేస్తే బయటికి మరక రాదు.

కత్తెర కళ్యాణి:
నక్షత్రాల దగ్గర నేను సాయం చేస్తాను, శనివారాలు తెలుగు బడిలో పిల్లలకి ఇదే నేర్పుతుంటాను. ఒక్క కత్తెర వేటుతో ఐదు మొనల నక్షత్రం వస్తుంది. మొదటి అమెరికా జెండా కుట్టిందని చెప్పుకునే బెట్సీ రాస్ జార్జి వాషింగ్టన్ ముందు కాగితం మడిచి ఇలాగే కత్తిరించి చూపించిందని ఇక్కడ పిల్లలకి కథ చెప్తారు. ఆవిడ మనవడు 1870లో బయటపెట్టిన కథ అది, అప్పటి కాగితాల్లో దానికి రుజువు దొరకలేదు, కాబట్టి పిల్లలకి కథగానే చెప్పండి. మడత మాత్రం అచ్చంగా పనిచేస్తుంది.

కాగితాన్ని సగానికి మడవండి. మడత అంచు మీ వైపు, అడ్డంగా ఉండాలి. ఆ అంచుకి సరిగ్గా మధ్యలో పెన్సిల్‌తో చుక్క పెట్టండి, ఇక అన్ని మడతలూ ఆ చుక్క దగ్గరే కలవాలి. ఇప్పుడు కుడి పక్కని ఎడమ వైపుకి మడవండి. ఎంత దాకా అంటే, ఎడమన మిగిలిన ఖాళీ వెడల్పు మీరు మడిచిన భాగంలో సగం ఉండాలి. పిల్లలు తడబడేది ఇక్కడే, ఒకటి రెండుసార్లు జరిపి చూసుకున్నాకే గట్టిగా నొక్కమనండి. తర్వాత ఎడమన మిగిలినదాన్ని దాని మీదికి మడవండి. చివరగా మొత్తాన్ని సగానికి మడిస్తే సన్నటి ముక్క వస్తుంది, పిజ్జా ముక్క ఆకారంలో. దాన్ని ఏటవాలుగా ఒక్కసారి కత్తిరించి, చుక్క ఉన్న వైపు విప్పండి. ఎంత ఏటవాలుగా కోస్తే మొనలు అంత సూదిగా వస్తాయి, అడ్డంగా కోస్తే ఇంచుమించు గుండ్రంగా వస్తుంది.

పోయిన ఏడాది మా క్లాసులో ఒక బాబు మూడుసార్లు తప్పుగా కోసి మూతి ముడుచుకుని కూర్చున్నాడు. నాలుగోసారి విప్పేటప్పుడు ఊపిరి కూడా తీయలేదు. నక్షత్రం కనపడగానే దాన్ని నుదుటికి ఆనించుకుని బడి అంతా తిరిగాడు. మీ ఐదేళ్ళ బాబుకి మడతలు మీరు వేసిచ్చి కోత మాత్రం వాడికి వదిలేయండి. అంత మందం చిన్న కత్తెరకి తెగదు కాబట్టి నక్షత్రాలకి పల్చటి కాగితమే తీసుకోవాలి.

వంటింటి కిటికీ:
లోపల పెట్టేవాటి గురించి ఎవరూ చెప్పలేదు, నేను చెప్తా. చాక్లెట్ పూర్తిగా వద్దు, టెక్సస్ జూలైలో పావుగంటలో పాయసం అవుతుంది. పల్లీ చిక్కీ, పల్లీలు వేసిన మిక్స్చర్ కూడా వద్దు, ఏ బిడ్డకి పల్లీలు పడవో మనకి తెలీదు, అలర్జీ వస్తే క్షణాల మీద ప్రాణం మీదికి వస్తుంది. మార్ష్‌మాలో ఉన్నవాటిలో చాలావరకు జంతువుల నుంచి తీసే జెలటిన్ ఉంటుంది, శాకాహారులు, హలాల్ తినేవాళ్ళు తినలేరు. ఉప్పు పాప్‌కార్న్, ప్రెట్జెల్స్ అయితే ఎండకి ఏమీ కావు. పాప్‌కార్న్ నాలుగేళ్ళ లోపు పిల్లలకి గొంతులో అడ్డుపడే ప్రమాదం ఉంది, వాళ్ళకి చీరియోస్ లాంటివి వేసి ఆ పొట్లాల మీద ఎర్ర నక్షత్రం పెట్టి విడిగా ఉంచండి.

ఇంకోటి, మీ అత్తయ్యగారు ఉన్నారు కాబట్టి కారం లేకుండా వాము జంతికలు చేయించండి. బియ్యప్పిండి, వెన్న, వాము, ఉప్పు, అంతే. నేను మూడేళ్ళ క్రితం మా వీధికి తీసుకెళ్తే గిన్నె ఖాళీ అయింది, పక్కింటావిడ మర్నాడు జంతికల గొట్టం ఎలా ఉంటుందో చూడ్డానికి వచ్చింది. ఏమేం వేశారో ఒక అట్ట మీద ఇంగ్లీషులో రాసి పక్కన పెట్టండి, ఏ నూనెలో వేయించారో కూడా రాయాలి.

గోదారిగట్టు:
ఒక్క మాట మర్చిపోయాను. సాయంత్రం కాకరపువ్వొత్తులు వెలిగించేటప్పుడు కాగితపు టోపీలు, వేలాడే కాగితాలు పిల్లల ఒంటి మీద ఉండకూడదు. ఆ పువ్వొత్తి మొన దాదాపు 2000 డిగ్రీల ఫారన్‌హీట్ దాకా వేడెక్కుతుంది. చిన్న నిప్పురవ్వే కదా అనుకోవద్దు. కాలిపోయిన పుల్లలు పడేయడానికి బకెట్‌లో నీళ్ళు పెట్టుకోండి.

చిట్టిగువ్వ:
అందరికీ చాలా థాంక్స్ అండీ. నిన్న రాత్రి భోజనాలయ్యాక మామయ్యగారిని అడిగాను. ఏం మాట్లాడకుండా టేబుల్ మీది కాగితం తీసుకుని, నేను చూసేలోపే పొట్లం చేసి నా చేతిలో పెట్టారు. తలకిందులు చేసి ఊపినా విప్పుకోలేదు. తెనాలిలో ఆయన చిన్నప్పుడు సినిమా హాలు బయట వాళ్ళ బాబాయి బఠాణీలు అమ్మేవారట, నా పెళ్ళయి పన్నెండేళ్ళయింది, ఈ సంగతి నాకు నిన్ననే తెలిసింది. మా పాప ఆయన పక్కన కూర్చుని తొమ్మిది చేసింది, అందులో ఐదు గట్టిగా నిలబడ్డాయి.

జెండా బొమ్మలు అన్నీ తీసేశాను. నీలం పట్టీ, తెల్ల నక్షత్రమే ఖాయం. ఈ ఏడాదికి 1776లో అమెరికా స్వాతంత్ర్యం ప్రకటించుకుని 250 ఏళ్ళు నిండుతున్నాయి కదా, పాప ప్రతి పొట్లం మీద 250 అని రాస్తానంటోంది, రాయమన్నాను. జంతికలకి అత్తయ్యగారు సై అన్నారు. ఒక్కటే మిగిలింది: అడుగు మొనగా ఉంటుంది కదా, నింపిన నలభై పొట్లాలు ఒరిగిపోకుండా వీధి చివరికి ఎలా పట్టుకెళ్ళాలి?

ఓరుగల్లు పిల్ల:
పెద్ద అట్టపెట్టెని బోర్లించి, పైన పొట్లం మూతి కంటే కాస్త చిన్న చిల్లులు కోసి ఒక్కో పొట్లం గుచ్చండి. ఒక పెట్టెకి ఇరవై పడతాయి, రెండు పెట్టెలు చాలు. పెట్టెలకి బయట నీలం, తెలుపు, ఎరుపు కాగితం చుట్టి పిల్లల వాగన్‌లో పెట్టేస్తే ఊరేగింపులో అవి కూడా వస్తాయి. నింపడం మాత్రం బయల్దేరే ముందే చేయండి, రాత్రే నింపి పెడితే పాప్‌కార్న్ మెత్తబడుతుంది.