చిగుళ్ళ సలుపుకు మీ ఇంట్లో ఏది పనిచేసింది?

వెన్నముద్ద
మా పాపకు ఏడో నెల, పళ్ళు వస్తున్నాయి. కింది చిగురు మధ్యలో ఎర్రగా ఉబ్బింది, వేలితో తడిమితే సన్నని గీతలా గట్టిగా తగులుతోంది. నాలుగు రోజులుగా రాత్రి రెండు గంటలకల్లా ఇంటిల్లిపాదీ లేచి కూర్చుంటున్నాం. చొంగకు గంటకో గౌను మారుస్తున్నాను. తన పిడికిలి, నా భుజం, దిండు మూల, ఏది దొరికితే దాన్ని నమిలేస్తోంది. అత్తయ్యగారు తేనెలో వెలిగారం రంగరించి చిగుళ్ళకు రాయమంటున్నారు. మా వారి స్నేహితుడు నోటిపూతకు వాడే జెల్ రాయమన్నాడు. ఎదురింటావిడ హోమియో బిళ్ళల సీసా చేతిలో పెట్టి వెళ్ళింది. ముగ్గురికీ తల ఊపాను, ఇంకా ఏదీ వాడలేదు. మీరు ఇంట్లో చేసి చూసినది, నిజంగా పనిచేసినది చెప్పండి.

గోదారి అమ్మమ్మ
ఏదీ వాడకుండా ఆగావు, మంచి పని చేశావమ్మా. ముగ్గురు పిల్లలు, ఐదుగురు మనవలు, మొత్తం ఎనిమిది నోళ్ళలో పళ్ళు మొలవడం చూసినదాన్ని. అందరికీ పనిచేసింది ఒకటే, చల్లని తడిగుడ్డ. పాత నూలు పంచె అయితే మెత్తగా ఉంటుంది. దారాలు ఊడని ముక్క చూసుకుని, ఉడకబెట్టి ఆరేసి, ఒక కొసను ముడి వేయాలి. ఆ ముడిని కాచి చల్లార్చిన నీళ్ళలో ముంచి, పిండి, మూత ఉన్న గిన్నెలో పెట్టి అరగంట ఫ్రిజ్‌లో ఉంచాలి. ముడి పాప నోట్లో, పొడి కొస పాప చేతిలో. పక్కన నువ్వు ఉండాలి. నా పిల్లల కాలానికి మా ఇంట్లో ఫ్రిజ్ లేదు, కూజా నీళ్ళలో ముంచేదాన్ని. ఆ చల్లదనమే సరిపోయేది. మా కోడలు ఒకసారి తొందరలో మంచు గడ్డకట్టే పై అరలో పెట్టింది. తీసేసరికి గుడ్డ చెక్కలా బిగుసుకుపోయింది. మనవడి పెదవికి అంటుకుని వాడు పెట్టిన ఏడుపు వీధి చివరికి వినిపించింది. కింది అరలోనే పెట్టు.

గుడ్డ లేనప్పుడు వేలు ఉంది. గోరు పొట్టిగా తీసి, సబ్బుతో చేయి కడుక్కుని, చిగురు మీద మెల్లగా నొక్కుతూ రెండు నిమిషాలు రుద్దు. మొదట విదిలించుకుంటుంది, తర్వాత తనే వేలిని పట్టుకుని లాక్కుంటుంది.

వెలిగారం మా పెద్దవాడికి నేనూ రాశాను. అత్తగారు చెప్పారు, రాశాను. వాడికేమీ కాలేదు కాబట్టి నువ్వూ రాయమని మాత్రం చెప్పను.

మందుల కొట్టు
పదిహేనేళ్ళుగా మందుల షాపు నడుపుతున్నాను. అమ్మమ్మగారు వద్దన్నదానికి కారణం నేను చెబుతాను. ఏడాది నిండని బిడ్డకు తేనె చుక్క కూడా నాకించకూడదు. అందులో ఒక్కోసారి ఉండే బ్యాక్టీరియా బీజాలు పసివాళ్ళ పేగుల్లో మొలకెత్తి విషాన్ని పుట్టిస్తాయి. మలబద్ధకంతో మొదలై కండరాలు పట్టు తప్పుతాయి, ఏడుపు కూడా నీరసపడుతుంది. బొటులిజం అంటారు. మామూలుగా మరిగించినంత మాత్రాన ఆ బీజాలు చావవు. వెలిగారం అంటే బోరాక్స్. అది ఒంట్లో చేరితే పసిపిల్లలకు వాంతులు, మూర్ఛలు వచ్చిన సందర్భాలు వైద్య పత్రికల్లో ఉన్నాయి.

ఇక జెల్. మన దగ్గర నోటిపూతకు అమ్మే జెల్‌లలో చాలావాటిలో కోలిన్ సాలిసిలేట్, లిగ్నోకెయిన్ ఉంటాయి. మొదటిది ఆస్పిరిన్‌కు చుట్టం. బ్రిటన్‌లో 2009 నుంచి అలాంటి జెల్‌లను 16 ఏళ్ళ లోపు వారికి వద్దన్నారు. రెండోది మొద్దుబరిచే మందు. చొంగతో కలిసి గొంతులోకి జారితే మింగడం కష్టమవుతుంది, ఎక్కువైతే గుండె మీద, మెదడు మీద పనిచేస్తుంది. విదేశాల నుంచి బంధువులు తెచ్చే జెల్‌లలో బెంజోకెయిన్ ఉంటే అదీ వద్దు. అది రక్తం ప్రాణవాయువును మోసే శక్తిని దెబ్బతీయగలదని, రెండేళ్ళ లోపు పిల్లలకు వాడవద్దని అమెరికాలో మందులను నియంత్రించే ఎఫ్‌డీఏ 2018లో హెచ్చరించింది. అయినా ఇంత చొంగలో ఏ జెల్ అయినా ఎంతసేపు నిలుస్తుంది?

హోమియో బిళ్ళల సీసా మీద బెల్లడోనా అన్న పేరుందేమో చూడండి. అది మన ఉమ్మెత్త కుటుంబానికి చెందిన విషపు మొక్క. అలాంటి కొన్ని బిళ్ళల్లో బెల్లడోనా మోతాదు ఒక్కో బిళ్ళలో ఒక్కోలా ఉందని, కొన్నింటిలో చీటీ మీద రాసినదానికంటే చాలా ఎక్కువ ఉందని 2017లో ఎఫ్‌డీఏ పరీక్షల్లో తేలింది.

రాత్రి డ్యూటీ నాన్న
నేను పగలు నిద్రపోయేవాణ్ణి కాబట్టి మా వాడి పళ్ళ ప్రహసనమంతా నా గడ్డం మీదే జరిగింది. రెండు రోజుల గరుకు గడ్డం వాడికి ఎంతో ఇష్టం, చిగుళ్ళు ఆనించి రాసుకునేవాడు. దీన్ని చిట్కాగా చెప్పను, భార్య ఒప్పుకోలేదు.

డబ్బు వృథా చేసుకున్నది మాత్రం చెబుతాను. లోపల నీళ్ళు నింపిన టీథర్, అంటే పిల్లలు నమిలే బొమ్మ, కొన్నాను. మూడో రోజుకు కారింది. లోపలి ద్రవం ఏమిటో పెట్టె మీద రాయలేదు. ఆ తర్వాత ఒకే ముక్కగా పోతపోసిన సిలికాన్ ఉంగరం తెచ్చాం, ఇప్పటికీ అదే. ఇంకోటి, మా అమ్మ చల్లని క్యారెట్ ముక్క ఇచ్చింది. అప్పటికే వాడికి కింద రెండు పళ్ళున్నాయి. చిన్న పలుకు కొరికి గొంతుకు అడ్డం పడింది. బోర్లా తిప్పి వీపు మీద చరిస్తే బయటికి వచ్చింది. ఆ అరనిమిషం గురించి ఇంతకంటే రాయలేను. పచ్చి క్యారెట్, ఆపిల్ ముక్క చేతికివ్వకండి.

ఘనాహారం మొదలుపెట్టి ఉంటే తాటిముంజను తొక్క తీసి, చిదిమి, చల్లబరిచి చెంచాతో పెట్టండి. చల్లని పెరుగు కూడా సరే.

వెన్నముద్ద
అందరికీ కృతజ్ఞతలు. గుడ్డ ముడి ఇచ్చాను, పది నిమిషాలు కిక్కురుమనలేదు. ఈ మధ్యాహ్నం ఒళ్ళు వెచ్చగా ఉంటే చూశాను, 99.4 ఉంది. పళ్ళ జ్వరమే కదా? విరేచనాలు కూడా పళ్ళవల్లేనని అందరూ అంటున్నారు, మాకైతే ఇంకా లేవు.

రెండు జడల అమ్మ
99.4కు కంగారు పడకండి. కానీ "పళ్ళ జ్వరం" అన్న మాటను నేను మా ఇంట్లో నిషేధించాను. మా అమ్మాయికి ఎనిమిదో నెలలో 101.8 వచ్చింది. కింద తెల్లగా పన్ను మొన కనబడుతోంది, ఇంకేం, అందరం పళ్ళ జ్వరమనే తేల్చేశాం. రెండు రోజులు తడిగుడ్డలు వేస్తూ గడిపాం. మూడో రోజు పాలు తాగడం మానేసింది. ఆస్పత్రికి తీసుకువెళితే మూత్రం పరీక్ష చేసి ఇన్‌ఫెక్షన్ అన్నారు. వారం రోజులు సూది మందులు.

డాక్టరు చెప్పింది నాకు బాగా గుర్తుండిపోయింది. తల్లి నుంచి వచ్చిన రోగనిరోధక శక్తి తగ్గేదీ ఆరు నెలల తర్వాతే, పాకుతూ కనబడినదల్లా నోట్లో పెట్టుకునేదీ అప్పుడే, పళ్ళు వచ్చేదీ అప్పుడే. మూడూ ఒకే ఇంటికి ఒకేసారి వచ్చిన చుట్టాలు, నింద మాత్రం పన్ను మీద పడుతుంది. 100.4 దాటితే పళ్ళను పక్కనపెట్టి వేరే కారణం వెతకమన్నారు. విరేచనాలదీ అదే లెక్క, ఓఆర్‌ఎస్ పడుతూ డాక్టరుకు చూపించాలి. ఒక్క చెవినే పట్టి లాగుతూ ఏడుస్తున్నా చూపించండి.

మందుల కొట్టు
రాత్రి మరీ తట్టుకోలేకపోతే పారాసెటమాల్ ఇవ్వవచ్చు, కానీ బరువు చూసి. కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు. ఏడు కిలోల పాపకు 70 నుంచి 105. పసిపిల్లల డ్రాప్స్‌లో సాధారణంగా ఒక మిల్లీలీటరుకే 100 మిల్లీగ్రాములుంటుంది. సిరప్‌లో ఐదు మిల్లీలీటర్లకు 125 లేదా 250. మా కొట్టుకు వచ్చేవారిలో తికమకపడేది ఇక్కడే. సిరప్ అనుకుని చెంచాడు డ్రాప్స్ పోస్తే 500 మిల్లీగ్రాములు లోపలికి వెళ్ళినట్టే. సీసాతో వచ్చిన గొట్టంతోనే కొలవండి, పాప బరువు చెప్పి మీ డాక్టరుతో మోతాదు రాయించుకోండి. ఆస్పిరిన్ మాటే ఎత్తకండి.

డబ్లిన్ కోడలు
ఇక్కడ తల్లుల గుంపుల్లో తేనెరంగు పూసల దండ ఒకటి తిరుగుతుంటుంది. అంబర్ అట, మెడలో వేస్తే ఒంటి వేడికి మందు ఊరి నొప్పి తగ్గిస్తుందట. మా పక్కింటావిడ ప్రేమగా ఇస్తే తీసుకుని బీరువాలో పెట్టాను. 2018 చివర్లో ఎఫ్‌డీఏ హెచ్చరికలో ఏడాదిన్నర బిడ్డ పగటి నిద్రలో ఆ దండ బిగుసుకుని చనిపోయిన సంగతి ఉంది. మనవాళ్ళు కట్టే నల్లపూసలు, మొలతాడు కొసలు కూడా నోటికి అందుతాయేమో చూసుకోండి.

చొంగకు గడ్డం కింద పొక్కితే రుద్దకండి. మెత్తని గుడ్డతో అద్ది, పల్చగా కొబ్బరినూనె రాస్తే మా బాబుకు తగ్గింది.

మేనమామ
ఒక ముఖ్యమైన ప్రశ్న. పైపళ్ళు ముందు వస్తే మేనమామకు గండమంటారు. మా మేనకోడలికి పైన తెల్లగా కనబడుతోంది. ఈ వారం బండి నడపవచ్చా?

గోదారి అమ్మమ్మ
నడుపు నాయనా, హెల్మెట్ పెట్టుకుని. నా రెండో మనవడికి పైపళ్ళే ముందొచ్చాయి. వాళ్ళ మేనమామకు జరిగిన నష్టమల్లా వెండి గిన్నె కొనవలసి రావడమే.

వెన్నముద్ద
తొమ్మిది రోజుల తర్వాత వస్తున్నాను. జ్వరం రాలేదు. మొన్న చిగురు మీద శనగగింజంత నీలిరంగు బుడగ లేచింది, బెంబేలెత్తి డాక్టరు దగ్గరికి పరుగెత్తాం. పన్ను మీద చేరిన నీరు, కాస్త రక్తం, అదే పగులుతుంది, గిల్లవద్దన్నారు. నిన్న పాలు తాగుతూ కొరికింది. అరిచేసరికి తను బెదిరిపోయి ఏడ్చింది, నేనూ ఏడ్చాను. అత్తయ్యగారు వచ్చి, లాగకుండా చిటికెన వేలు నోటి మూలగా పెట్టి పట్టు విడిపించడం నేర్పారు. తర్వాత దీపం దగ్గరికి తీసుకువెళ్ళి చూస్తే బియ్యపు నూకంత తెలుపు. వెలిగారం పొట్లాన్ని ఆవిడే తీసి అటక మీద పెట్టేశారు.

పక్క చిగురు కూడా ఎర్రబడుతోంది. ఫ్రిజ్‌లో రెండో గుడ్డ పెట్టాను.