ట్రాక్టర్ ముందు యాక్సిల్ పని మనమే చేసుకోవచ్చా, మెకానిక్ దగ్గరికే పోవాలా?

కౌలురైతు_తెనాలి
అందరికీ నమస్కారం. మాది 45 హెచ్‌పీ టూ వీల్ డ్రైవ్ బండి. కుడి పక్క ముందు చక్రం ఊగుతోంది, రోడ్డు మీద కాస్త స్పీడు పెంచితే స్టీరింగ్ చేతిలో వణుకుతోంది, చక్రం మధ్యలో హబ్బు దగ్గర గరగర శబ్దం. షోరూమ్ వాళ్లు బండి తీసుకురమ్మంటున్నారు గానీ ఎప్పటికి ఇస్తారో చెప్పట్లేదు. దమ్ములు నెత్తి మీదకొచ్చాయి. జాకీ, పానాల సెట్టు ఉన్నాయి. నేనే విప్పి బేరింగులు మార్చుకోవచ్చా? చేసినవాళ్లు చెప్పండి.

దాళ్వా_రైతు
నిక్షేపంగా మార్చుకోవచ్చండి. మా పశ్చిమ గోదావరిలో దమ్ము చేసే బండికి ముందు హబ్బు సీలు పోవడం మామూలే, పొద్దస్తమానం హబ్బు బురదలోనే ఉంటుంది కదా, సీలు కాస్త అరిగిందంటే నీళ్లు లోపలికి పోయి గ్రీజంతా జావ అయిపోద్ది. ముందు లోపం ఎక్కడో తేల్చుకోండి. చక్రం లేపి పైనా కిందా పట్టుకుని ఊపండి, చక్రం ఒక్కటే ఊగి స్టబ్, అంటే హబ్బు ఎక్కే ఇరుసు ముక్క, కదలకపోతే బేరింగు, స్టబ్ కూడా కలిసి ఊగితే అది తిరిగే కింగ్ పిన్ బుష్షులు. పక్కలు పట్టుకుని ఊపినప్పుడు ఆడితే టైరాడ్ ఎండ్, అంటే స్టీరింగ్ కడ్డీ చివర జాయింటు, కూడా చూసుకోండి. బేరింగే అయితే మూత తీసి, స్ప్లిట్ పిన్ను లాగి, నట్టు విప్పితే హబ్బు చేతిలోకి వచ్చేస్తుంది. పాత బేరింగు మీద నంబరు ఉంటుంది, అదే తెచ్చుకోండి. కప్పులు, అంటే బేరింగు బయటి రింగులు కూడా మార్చాలండోయ్, రోలర్లుండే లోపలి కోను కొత్తది పెట్టి కప్పు పాతది ఉంచితే మళ్లీ అరవడం మొదలెడతాది. బిగించేటప్పుడు చక్రం తిప్పుతూ నట్టు గట్టిపడేదాకా బిగించి ఒక గాడి వెనక్కి తిప్పి కొత్త పిన్ను వేసెయ్యండి. అంతే. దీనికి షోరూమ్ ఎందుకండి.

బీటెక్_వ్యవసాయం
"ఒక గాడి వెనక్కి" అనేది లెక్క కాదు సార్. ఒక్కో మోడల్‌కి నట్టు ఎంత బిగించాలో కంపెనీ ఇచ్చిన టార్క్ లెక్క ఉంటుంది, టార్క్ రెంచ్ లేకుండా ఆ నట్టు ముట్టుకోవద్దు. నంబరు చెరిగిపోతే వెర్నియర్‌తో కొలవండి, 30206 అంటే లోపలి రంధ్రం 30 ఎంఎం, 30207 అంటే 35 ఎంఎం.

దాళ్వా_రైతు
మా ఊళ్లో టార్క్ రెంచి ఎవరి దగ్గరుందండి? టేపర్ బేరింగు చేతికి తెలుస్తుంది. ఎక్కువ బిగిస్తే వేడెక్కి నీలం తిరుగుద్ది, వదులైతే చక్రం ఊగుద్ది. తోలాక దిగి హబ్బు మీద చెయ్యి పెట్టి చూసుకుంటే చాలు.

బీటెక్_వ్యవసాయం
చెయ్యి పెట్టి చూడటం కొలత ఎలా అవుతుంది సార్?

దాళ్వా_రైతు
మీరు ఎన్ని హబ్బులు విప్పారో చెప్పండి ముందు.

స్పానర్_సూర్యాపేట
రెంచి ముచ్చట పక్కన వెట్టుండ్రి. బండి ఎట్ల లేపాలెనో చెప్పకుంట నట్టు కాడికి ఉరుకుతున్నరు. ముందు యాక్సిల్ నడుమ సెంటర్ పిన్ను మీద ఊగుతది, అందుకే ఒక చక్రం గట్టెక్కినా బండి సమంగ పోతది. ఇంజన్ దిక్కు జాకీ వెట్టి లేపితే యాక్సిల్ ఒక పక్కకు వాలుతది, నువ్వు చక్రం ఊడగుంజంగనే ఇంకో పక్కకు పడతది. యాక్సిల్‌కి, పైన సపోర్టుకి మధ్యల రెండు దిక్కుల చెక్క చీలికలు కొట్టాలె, ఎనక టైర్లకు రాళ్లు వెట్టాలె, హ్యాండ్ బ్రేక్ ఎయ్యాలె, లేపినంక గట్టి దిమ్మల మీదికి దించాలె. ఉత్త జాకీ మీద నిలవెట్టి కిందికి దూరొద్దు. గిది మొదటి లైన్ల ఉండాలె.
చిన్నప్పటి సంది గీ పనే చేస్తున్న. ఇంటికాడ విప్పి, సగం చేసి, గోనె సంచిల సామాను ఏసుకొచ్చి "జెర బిగించియ్యి" అంటరు. అండ్ల ఒక వాషర్ ఉండదు, సీలు ఉల్టా కొట్టి ఉంటది, కప్పును ఉలితోని కొట్టి హబ్బుల గీతలు వెట్టి ఉంటరు. దానికి నేను అసలు పని కంటె ఎక్కువ గోస పడాలె, పైసలు మాత్రం సగమే ఇస్తరు.

మిరపచేను
సీలు ఉల్టా అంటే ఎటు ఉండాలి అన్నా?

స్పానర్_సూర్యాపేట
పాతది తీయకముందే ఫోన్ల ఫోటో కొట్టుకో తమ్మీ. అది ఎటుంటే కొత్తది గట్లనే.

నల్లరేగడి
కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైలో రైట్ టు రిపేర్ మీద కమిటీ వేసింది, అందులో వ్యవసాయ పరికరాలు కూడా ఉన్నాయి. రిపేరు రైతు హక్కు. కంపెనీలు మాన్యువల్ ఇవ్వాలి, పార్టులు ఎవరడిగినా అమ్మాలి. మెకానిక్కులు రైతును భయపెట్టడం మానుకుంటే మంచిది.

స్పానర్_సూర్యాపేట
నేను కంపెనీ కాదు అన్నా. నాది రేకుల షెడ్డు. మాన్యువల్ నాకు కూడ ఇయ్యరు.

దాళ్వా_రైతు
భయపెట్టడం కాదంటే నేను ఒకటి అడుగుతానండి. సీజన్లో మీ మెకానిక్కులు ఎక్కడుంటారు? మా చేలో హబ్బు విప్పి బోదె గట్టు మీద పెట్టి, బేరింగు తెస్తానని వెళ్లినవాడు ఇంకో ఊళ్లో పని ఒప్పుకుని కూర్చున్నాడు, ఫోన్ చేస్తే వస్తన్నా వస్తన్నా అంటాడు. నారు ముదిరిపోయింది. అద్దె బండి పెట్టి దమ్ము చేయించుకున్నా. ఇంకొకాయన కొత్త బేరింగుకి డబ్బు తీసుకుని పాతదే కడిగి గ్రీజు కూరి బిగించాడు, తర్వాత నేను విప్పి చూస్తే కప్పు నిండా గుంటలే. అప్పట్నించి నా బండి ముందు భాగం ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. మీరేమో సంచి కబుర్లు చెబుతున్నారు. ఆ సంచి ఎందుకొచ్చిందో కూడా చెప్పాలి కదండి.

స్పానర్_సూర్యాపేట
ఒకడు చేసిన దానికి అందరం దొంగలమా? మరి ఉద్దెర ముచ్చట నేను చెప్పాల్నా? వడ్లు అమ్మినంక ఇస్త అంటరు, వడ్లు అమ్ముతరు, పండుగైతది, పెండ్లిలైతయి, నా పైసలు రావు. స్పేర్ పార్ట్స్ దుకాణపోడు నాకు రూపాయి ఉద్దెర ఇయ్యడు. కరిగెట్ల టైముల ఒకేసారి ఊరంత బండ్లు ఆగుతయి, షెడ్డుల నేను, ఒక పోరడు. ఎవ్వని కాడికి ముందు పోవాలె? నగదు ఇచ్చేటోని కాడికే పోత. నా ఇల్లు నడవాలె గద.

దాళ్వా_రైతు
అదిగో, అసలు మాట బయటపడింది. డబ్బున్నవాడి బండికే పని. అలాంటప్పుడు కౌలు రైతు తన పని తాను నేర్చుకుంటే మీకు కోపమెందుకండి?

మిరపచేను
అన్నలూ, తెనాలి ఆయన బండి ఇంకా జాకీ మీదే ఉంది.

స్పానర్_సూర్యాపేట
కోపం ఎందుకో చెప్త ఇనుండ్రి. ఒకాయన బండి నా షెడ్డుకు టైరాడ్ ఎండ్ మార్చుకునేటందుకు వచ్చింది. మార్చి పంపిన. అంతకు ముందే వాళ్లు స్టబ్ యాక్సిల్ పగిలితే ఊర్లనే ఎల్డింగ్ పెట్టించి, గ్రైండర్ కొట్టి, మీద రంగేసిన్రు. నాకు చెప్పలే. స్టబ్ ఫోర్జింగ్ ఇనుము, ఎల్డింగ్ వేడికి అతుకు పక్క జాగ పెళుసైతది, మీదికి మంచిగనే కొడతది. ట్రాలీల కూలీలు కూసున్నరు, కల్వర్టు కాడ స్టబ్ ఇరిగి చక్రం ఊడింది. ఒకామెకు నడుం విరిగింది. ఊరంత నా షెడ్డు మీదికొచ్చిన్రు, ఆఖరుకు చెయ్యి వెట్టింది నువ్వే గద అని. ఎల్డింగ్ పెట్టినోని పేరు ఎవ్వడు ఎత్తలే. ఆనాటి సంది ఎవ్వలన్న "ఇంటికాడ చేసినం" అంటే నాకు నిద్ర పట్టది.

నల్లరేగడి
ఆమెకి అలా జరగడం చాలా బాధగా ఉంది అన్నా. తప్పు ఎల్డింగ్ పెట్టించినవాళ్లదే.

దాళ్వా_రైతు
ఆమెకి జరిగింది ఘోరమండి. అది మీ మీదకి రావడం అన్యాయం, అది నేనూ అంటాను. కానీ నేను ఎల్డింగ్ పెట్టమని ఎక్కడ చెప్పాను? నా ట్రాలీలో బస్తాలు తప్ప మనిషిని ఎక్కించను. నేను చెబుతున్నది హబ్బు గురించి, మీరు మాట్లాడేది స్టబ్ గురించి.

స్పానర్_సూర్యాపేట
హబ్బు గుంజినంక కండ్ల ముందట ఉండేదే స్టబ్! డీజిలు, గుడ్డ వెట్టి తుడిచి, లోపలి బేరింగు కూసునే మూల కాడ గోరుతోని గీకి చూడు అని ఒక్క ముక్క రాసినవా? బేరింగు, నట్టు, పిన్ను, అంతే అన్నవ్. గా "అంతే" తోనే నాకు కొట్లాట. విప్పొద్దని నేను ఎక్కడ అనలే. విప్పినోడు అండ్ల కనవడ్డదానికి జవాబుదారి కావాలె. అదే బండి రేపు రోడ్డెక్కుతది.

దాళ్వా_రైతు
అలా చూడమని నేర్పండి మరి. మెకానిక్ చెయ్యి పడకపోతే బండి పనికిరాదన్నట్టు మాట్లాడితే ఎవరూ వినరండి. చేలో ఆగిన బండికి రైతే మొదటి మెకానిక్కు, ఎవరొప్పుకున్నా ఒప్పుకోకపోయినా.

కౌలురైతు_తెనాలి
చీలికలు కొట్టి, దిమ్మల మీద దించి విప్పానండి. లోపలి బేరింగు రోలర్ల మీద పొరలు లేచాయి, కప్పు మీద నల్ల గీతలు. స్టబ్ తుడిచి చూస్తే లోపలి కోను కూర్చునే చోట చుట్టూ అరిగి మెట్టు పడింది, గోరు ఆగుతోంది. కొత్త కోను పెడితే టకటకా ఊగుతోంది. ఇక్కడ లేత్ అతను సెంటర్ పంచ్‌తో చుక్కలు కొడితే టైటవుద్ది, ఈ సీజన్ నడిపెయ్ అంటున్నాడు. కొట్టించమంటారా?

దాళ్వా_రైతు
చుక్కలు కొట్టి చేలో పని వెళ్లదీసినవాళ్లు మా దగ్గర చాలామంది ఉన్నారండి. ట్రాలీ తగిలించకుండా దమ్ము వరకూ అయితే నేను కాదనను. బేరింగు మాత్రం పూర్తిగా కొత్తదే వెయ్యండి.

స్పానర్_సూర్యాపేట
వద్దు. కోను చేత్తోని జారి ఎక్కాలె, ఎక్కినంక ఊగొద్దు. నీది ఊగుతుంది అంటే స్టబ్ పని అయిపోయింది. చుక్కలు కొన్ని రోజులకే అరుగుతయి, మళ్ల వదులు. ఇంకోటి, బరువంత పడి స్టబ్ వంగేది ఆ మూలకాడనే, అక్కడ చుక్క కొడితే పగులు ఆడికెళ్లే మొదలైతది. ఎంత ఓపికున్నా కొత్తది ఎయ్యి. చేను కాడికి బండి ఎగిరిపోదు గద, రోడ్డు మీదికెళ్లే పోవాలె.

కౌలురైతు_తెనాలి
నిజమే, మా చేలకి కాలవ గట్టు రోడ్డే దారి, స్కూలు ఆటోలు కూడా అటే తిరుగుతాయి. బెజవాడ ఆటోనగర్‌లో స్టబ్ చెప్పేశాను, ఆర్టీసీ కార్గోలో వేస్తామన్నారు. బేరింగులు రెండూ కప్పులతో సహా, సీలు, వాషరు కూడా. ఎడమ పక్క కూడా విప్పాలా?

దాళ్వా_రైతు
విప్పండి. ఒక పక్క బురద పోయిందంటే రెండో పక్క కూడా చూడాల్సిందే. దమ్ము రోజుల్లో సాయంత్రం బండి కడిగాక నిప్పిళ్లకి గ్రీజు కొట్టడం మానొద్దు, బురద బయటికి వచ్చి కొత్త గ్రీజు కనబడేదాకా కొట్టండి. పాత స్టబ్ కొట్లో వదిలెయ్యకండి, కొత్తదాని పక్కన పెట్టి పొడవూ లావూ చూసుకోండి. మెకానిక్‌ని పిలిచినా సరే, పాత సామాను మీ చేతిలో పడ్డాకే డబ్బు ఇవ్వండి.

స్పానర్_సూర్యాపేట
స్టబ్ మీద స్టీరింగ్ ఆర్మ్ విప్పకముందే రెంటికి కలిపి చాకుతోని గుర్తు గీసుకో, లేకుంటే చక్రాలు చెరో దిక్కు చూస్తయి. బిగించినంక రెండు ముందు టైర్ల నడుమ ముందట ఎంతుందో ఎనక ఎంతుందో టేపుతోని కొలువు, ముందట కొన్ని ఎంఎం తక్కువ ఉండాలె, ఎంతనేది నీ బండి పుస్తకంల ఉంటది.
దాళ్వా అన్నా, నా షెడ్డుల పాత సామాను నేనే సంచిల ఏసి ఇస్త, ఎవ్వలు అడగకున్నా. ఉద్దెర గురించి మాత్రం మీరు ఇంకా జవాబియ్యలే.