లివర్ బయాప్సీ ఐహెచ్‌సీ: నెగెటివ్ కంట్రోల్ కూడా గోధుమ రంగులోనే వస్తోంది, ఎక్కడ తప్పు?

స్లైడుబాధితుడు:
అందరికీ నమస్కారం. నేను పీహెచ్‌డీ రెండో సంవత్సరం. ఫ్యాటీ లివర్ ఉన్నవాళ్ల బయాప్సీల్లో మాక్రోఫేజ్‌లు (చెత్తను మింగే రోగనిరోధక కణాలు) ఎన్ని ఉన్నాయి, ఎక్కడ గుమిగూడుతున్నాయి అన్నది నా పని. మొత్తం 14 బయాప్సీలు. అన్నీ ఫార్మలిన్‌లో వేసి పారఫిన్ బ్లాకులు చేసినవే. మాక్రోఫేజ్‌ల్లో ఉండే సీడీ68 ప్రొటీన్‌ని పట్టే యాంటీబాడీతో ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ (ఐహెచ్‌సీ, అంటే యాంటీబాడీ అంటుకున్న చోట రంగు తెప్పించడం) చేస్తున్నా.

కప్ఫర్ కణాలు (లివర్‌లో ఉండే మాక్రోఫేజ్‌లు) మాత్రమే రంగెక్కాలి కదా, నాకు లివర్ కణాలన్నీ గోధుమ రంగులో వస్తున్నాయి. ప్రైమరీ యాంటీబాడీ (అంటే ఆ సీడీ68ది) వేయని నెగెటివ్ కంట్రోల్ స్లైడు కూడా అలాగే ఉంది. విచిత్రం ఏంటంటే, అదే రోజు అదే ట్రేలో పెట్టిన టాన్సిల్ స్లైడు మాత్రం కడిగిన ముత్యంలా వచ్చింది.

నేను చేసేది ఇదీ: 4 మైక్రాన్ల సెక్షన్లు, పీహెచ్ 6 సిట్రేట్ బఫర్‌లో ప్రెషర్ కుక్కర్, 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ పది నిమిషాలు (కణాల సొంత పెరాక్సిడేజ్‌ని ఆపడానికి), సీరమ్ బ్లాక్ (యాంటీబాడీలు ఎక్కడపడితే అక్కడ అంటుకోకుండా), ప్రైమరీ రాత్రంతా ఫ్రిజ్‌లో, బయోటిన్ తగిలించిన సెకండరీ (ప్రైమరీని పట్టుకునే రెండో యాంటీబాడీ), ఏబీసీ కిట్ (అవిడిన్, బయోటిన్, పెరాక్సిడేజ్ ఎంజైము కలిసిన గుత్తి), డీఏబీ (ఆ ఎంజైము తగిలితే గోధుమ రంగయ్యే రసాయనం) ఐదు నిమిషాలు, చివర్లో నీలం రంగు కోసం హెమటాక్సిలిన్.

మా గైడ్ గారు డీఏబీ ఒక నిమిషానికి తగ్గించమంటున్నారు, మిగిలిన రంగు సాఫ్ట్‌వేర్‌లో తీసేయొచ్చట. నాకు మనసొప్పడం లేదు. ఇప్పటికి మూడుసార్లు చేశా. బ్లాకుల్లో ముక్క తరిగిపోతోంది, చాలా టెన్షన్‌గా ఉంది.

నీలిమరక:
పెరాక్సైడ్ పాతబడి ఉంటుంది. మూత తీసిన సీసా రోజులు గడిచేకొద్దీ బలం తగ్గుతుంది. కొత్తది తెచ్చి చూడండి.

మైక్రోటోమ్‌అక్క:
తమ్ముడూ, ముందు ఆ బయాప్సీ బ్లాకులు డబ్బాలో పెట్టి మూత వెయ్యి. కారణం తేలేదాకా వాటిని ముట్టుకోకు. ఒక్కో ముక్క కోసం ఒక్కో మనిషి పక్కటెముకల మధ్య సూది పొడిపించుకున్నాడు. ప్రయోగాలకి ఆపరేషన్‌లో తీసిన పెద్ద లివర్ ముక్క బ్లాకు ఏదైనా వాడుకునేందుకు అనుమతి తెచ్చుకో. అందులో ఎన్ని సెక్షన్లు కోసినా తరగదు.

పెరాక్సైడ్ సంగతి తేల్చడానికి కొత్త సీసా కూడా అక్కర్లేదు. నీ నెగెటివ్ స్లైడు మళ్లీ మైక్రోస్కోప్ కింద పెట్టి, రక్తనాళాల్లో మిగిలిన ఎర్ర రక్తకణాల్ని చూడు. పెరాక్సైడ్ పనిచేయకపోతే అందరికంటే ముందు ముదురు గోధుమ రంగెక్కేవి అవే. అవి పాలిపోయి ఉండి, పక్కన లివర్ కణాలు మాత్రం ఇసక చల్లినట్టు సన్నటి గోధుమ చుక్కలతో నిండి ఉంటే తప్పు పెరాక్సైడ్‌ది కాదు. నా పందెం బయోటిన్ మీద.

బయోటిన్ ఒక విటమిన్. మైటోకాండ్రియాలోని కొన్ని ఎంజైములు అది లేకపోతే పనిచేయవు. ఆ ఎంజైములు లివర్‌లో, కిడ్నీలో దండిగా ఉంటాయి, టాన్సిల్‌లో అంతగా ఉండవు. నీ టాన్సిల్ ముత్యంలా రావడానికి కారణం అదే. ఏబీసీ కిట్‌లో ఉన్న అవిడిన్‌కి బయోటిన్ కనిపిస్తే చాలు, గట్టిగా పట్టేసుకుంటుంది. అది నీ సెకండరీ మీదున్న బయోటినా, కణం సొంత బయోటినా అని చూసుకోదు. పైగా నువ్వు కుక్కర్‌లో ఉడికిస్తున్నావు. ఫార్మలిన్ మూసేసిన యాంటిజెన్‌ని (యాంటీబాడీ పట్టుకునే ప్రొటీన్‌ని) తెరవడానికి ఆ వేడి కావాల్సిందే, కానీ దాంతోపాటు దాగున్న బయోటిన్ కూడా బయటపడుతుంది. ఏబీసీ 1981లో వచ్చింది, మైక్రోవేవ్‌లో స్లైడ్లు ఉడికించే పద్ధతి 1991లో వచ్చింది. దేనికదే బంగారం లాంటి పద్ధతి, లివర్ దగ్గర రెండూ కలిసేసరికి ఇదిగో ఈ తలనొప్పి.

నా మాట నమ్మి కూర్చోకు, ఐదు స్లైడ్లతో నువ్వే తేల్చుకో. మొదటిదానికి మైనం తీసి, నీళ్లలోకి తెచ్చి, ఏమీ వేయకుండా కవర్‌స్లిప్ పెట్టు. గోధుమ రంగు కనిపిస్తే అది పిగ్మెంట్. లైపోఫస్సిన్ (వయసుతో కణాల్లో పేరుకునే పసుపు గోధుమ పదార్థం) అయితే సెంట్రల్ వీన్ చుట్టూ ఉంటుంది, ఇనుము అయితే పెర్ల్స్ స్టెయిన్‌తో నీలంగా మారుతుంది. రెండోదానికి పెరాక్సైడ్ లేకుండా డీఏబీ ఒక్కటే. మూడోదానికి పెరాక్సైడ్ వేసి డీఏబీ. ఈ రెండింటికీ ఉన్న తేడాయే కణం సొంత పెరాక్సిడేజ్. నాలుగోది ముఖ్యం: కుక్కర్, పెరాక్సైడ్, ఏబీసీ, డీఏబీ, అంతే. ఏ యాంటీబాడీ వద్దు. ఐదోదానికి అదే పద్ధతి, సెకండరీ కూడా కలిపి. మూడోది తెల్లగా ఉండి నాలుగోది గోధుమగా వస్తే దొంగ దొరికినట్టే. నాలుగోది కూడా తెల్లగా ఉండి ఐదోది గోధుమగా వస్తే సెకండరీయే కణజాలానికి అంటుకుంటోంది. అప్పుడు సీరమ్ బ్లాక్ సంగతి చూడాలి.

బయోటినే అని తేలితే రెండు దారులు. ఒకటి, సీరమ్ బ్లాక్ దగ్గర అవిడిన్ పదిహేను నిమిషాలు, కడిగి, మళ్లీ బయోటిన్ పదిహేను నిమిషాలు. ఒక్క అవిడిన్‌తో ఆపకు. దానికి బయోటిన్‌ని పట్టే చోట్లు నాలుగుంటాయి. ఒకటి కణానికి అతుక్కున్నా మిగిలినవి నోరు తెరుచుకునే ఉంటాయి, నీ సెకండరీ వచ్చి వాటిలో పడుతుంది. ఆ నోళ్లు మూయడానికే రెండోసారి బయోటిన్. కిట్ లేదా? కోడిగుడ్డు తెల్లసొనలో బోలెడు అవిడిన్ ఉంటుంది. దాన్ని నీళ్లలో కలిపి వాడే ల్యాబులు ఉన్నాయి, నవ్వకు. రెండో దారి, అసలు బయోటిన్ లేని పాలిమర్ కిట్. లివర్‌కి నేనైతే రెండోదే వాడతాను.

డీఏబీ తగ్గించడం గురించి. మీ గైడ్ గారి మీద గౌరవంతోనే చెప్తున్నా, అలా చేస్తే అసలు రంగూ నకిలీ రంగూ కలిసే తగ్గుతాయి. పనిలో చేరిన కొత్తలో నేనూ అదే చేశాను. కిడ్నీ ట్యూబుల్స్ మొత్తం గోధుమ రంగులో వస్తే, డీఏబీ తగ్గించి, అందంగా ఫొటోలు తీసి, ఆ ప్రొటీన్ అక్కడే ఉందని నమ్మాం. పోస్టర్ కూడా అచ్చయింది. అసలు నెగెటివ్ స్లైడు ఏదని ఒక పెద్దాయన అడిగితే ట్రే అంతా వెతికాను. ఆ రోజు మేము పెట్టనే లేదు.

వెలుగుచుక్క:
ఇంత గొడవెందుకు, ఫ్లోరసెన్స్‌కి (వెలిగే రంగులకి) మారిపోండి. ఎంజైమూ ఉండదు, డీఏబీ కూడా ఉండదు.

మైక్రోటోమ్‌అక్క:
లైపోఫస్సిన్ దానంతటదే వెలుగుతుంది. అక్కడికి వెళ్తే ఇంకో దొంగని వెతకాలి.

పాథాలజీ_పాతకాపు:
అక్క చెప్పిన ఐదు స్లైడ్లకి నా ఓటు. లెక్కపెట్టేముందు ఇంకో రెండు మాటలు.

సూదితో తీసిన బయాప్సీ మొత్తం లివర్‌లో దాదాపు యాభై వేల వంతు. అందుకని మాక్రోఫేజ్‌లు ఇన్ని అని ఒక్క అంకె రాసి వదిలేయొద్దు. ముక్క ఎంత పొడవుంది, అందులో పోర్టల్ ట్రాక్టులు (రక్తనాళాలు, పైత్యనాళం కలిసి ఉండే చోట్లు) ఎన్ని దొరికాయి అన్నది ప్రతి కేసుకీ రాసుకోండి. పోర్టల్ ట్రాక్టుల్లో ఉన్నవి విడిగా, సైనుసాయిడ్లలో (లివర్ కణాల వరసల మధ్య సన్నటి రక్తమార్గాల్లో) ఉన్నవి విడిగా లెక్కపెట్టండి. మీ ప్రశ్నే ఎక్కడ గుమిగూడుతున్నాయని కదా. కొవ్వు బొట్టు చుట్టూ మాక్రోఫేజ్‌లు దండలా చేరిన చోట్లు కనిపిస్తే అవి ఇంకా విడిగా. సాఫ్ట్‌వేర్‌కి గోధుమ రంగు ఒక్కటే తెలుసు, అది లైపోఫస్సినో కాదో మీరే చెప్పాలి.

ఇంకోటి, బ్లాకు మైక్రోటోమ్ మీద పెట్టిన ప్రతిసారీ ముఖం సరిచేయడానికి కొంత ముక్క పోతుంది. కావలసిన సెక్షన్లన్నీ ఒకే విడతలో వరసగా కోయించుకోండి. మొదటిదీ చివరిదీ హెచ్ అండ్ ఈ (మామూలుగా వేసే రంగు) చేస్తే మధ్యలో ముక్క మారిందో లేదో తెలుస్తుంది. కోసినవి మాత్రం నెలల తరబడి దాచొద్దు, కొన్ని యాంటిజెన్లు స్లైడు మీద నీరసపడతాయి.

స్లైడుబాధితుడు:
పదకొండు రోజుల తర్వాత వస్తున్నా, క్షమించాలి. ఆపరేషన్ ముక్క బ్లాకు దొరికింది. ఒకటో స్లైడులో సెంట్రల్ వీన్ దగ్గర కొంచెం పసుపు గోధుమ గింజలు, మిగతా అంతా తెలుపు. రెండోదాంట్లో ఎర్ర రక్తకణాలు నల్లగా మాడినట్టు వచ్చాయి, మూడోది శుభ్రం. నాలుగోది చూడగానే నవ్వొచ్చింది. ఒక్క యాంటీబాడీ వేయకుండా నా పాత ఫొటో అచ్చు గుద్దినట్టు వచ్చింది. ఐదోదీ అంతే, అంతకంటే ముదురు కాదు.

పక్క ల్యాబు వాళ్ల దగ్గర పాలిమర్ కిట్ అప్పు తెచ్చి ఒకే ఒక్క బయాప్సీ మీద చేశా. లివర్ కణాలు లేత నీలం, వాటి మధ్య సందుల్లో కప్ఫర్ కణాలు కాళ్లు చాపుకున్నట్టు గోధుమ రంగులో. నాలుగో స్లైడూ ఇదీ పక్కపక్కన పెట్టి గైడ్ గారికి చూపించా. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, మూడేళ్ల కిందట చేసిన స్లైడ్ల పెట్టె బీరువాలోంచి తీయమన్నారు.

అక్కా, ఆ పెట్టెలో 40 స్లైడ్లున్నాయి, అన్నీ ఏబీసీతో చేసినవే. నెగెటివ్ కంట్రోళ్లు ఆరే దొరికాయి. బ్లాకులు ఉన్నాయి. మళ్లీ కోయాలా?

మైక్రోటోమ్‌అక్క:
ముందు ఆ ఆరూ చూడు.