రోడ్డు పక్క రాయి అమ్మవారు ఎప్పుడయింది? మతం పుట్టుక గురించి ఒక సందేహం

అడిగినవారు: సైటు ఇంజనీరు

నాలుగు నెలల క్రితం రోడ్డు వెడల్పు చేసే పనిలో ఒక వేపచెట్టు, దాని మొదట్లో ఒక రాయి అడ్డం వచ్చాయి. రాయికి చెక్కడం లేదు, కళ్ళూ ముక్కూ లేవు. పసుపు పూసి బొట్లు పెట్టి ఉంది, అంతే. ముత్యాలమ్మ అన్నారు. జేసీబీ నడిపే కుర్రవాడిది బిహార్. తెలుగు రాదు, ముత్యాలమ్మ పేరు అంతకు ముందు విని ఉండడు. అయినా రాయిని చూడగానే బండి ఆపి, కిందికి దిగి, చెప్పులు విడిచి, ముందు కొబ్బరికాయ తెప్పించమన్నాడు. ఊళ్ళో కొట్టు మూసి ఉండడంతో పక్క ఊరికి మనిషిని పంపాము. రెండు గంటలు పోయాయి. ఈలోగా ఒక ముసలావిడ చెంబుతో వచ్చి సాక పోసింది. కాయ కొట్టాక రాయిని గోనెసంచిలో చుట్టి నలభై అడుగుల అవతల పెట్టారు. ఆవిడ మళ్ళీ పసుపు రాసి, "ఇక్కడ కూర్చో తల్లీ, ఎండ తక్కువ" అంది.

నాకు పూజల మీద పట్టింపు లేదు. అయినా ఎందుకో హెల్మెట్ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాను.

ఆదిమానవుడు ఉరుములకు, మెరుపులకు భయపడి దేవుణ్ణి కల్పించుకున్నాడని బడిలో చదువుకున్నాము. ఆ రోజు అక్కడ భయపడిన మనిషి ఒక్కరూ నాకు కనబడలేదు. ఇంట్లో పెద్దావిడను ఒక గదిలోంచి ఇంకో గదిలోకి నడిపించినట్టు చేశారు. ఇదంతా ఎక్కడ మొదలైంది? తవ్వకాల్లో ఆధారాలు ఏమైనా ఉన్నాయా, లేక అంతా పండితుల ఊహేనా?

జవాబు: మొండిచెయ్యి

భయం కనబడలేదంటే అలవాటైపోయిందని అర్థం. కాయ కొట్టకుండా తీసేయమని ఉండాల్సింది, ఎక్కడ దాక్కుందో తెలిసేది.

భయం ఒక్కటే కాదనుకోండి, కల కూడా ఉంది. ఎడ్వర్డ్ టైలర్ అనే ఇంగ్లండు మానవశాస్త్రవేత్త 1871లోనే ఈ సంగతి రాశాడు. చనిపోయిన తండ్రి కలలోకి వచ్చి మాట్లాడితే, ఒంటితో పాటు పోనిది ఇంకేదో ఉందనిపిస్తుంది. మనిషికి ఉన్నది చెట్టుకూ పుట్టకూ ఎందుకు ఉండకూడదని తర్వాతి మెట్టు. నాకైతే ఈ లెక్క సరిపోయింది. చిక్కల్లా ఒక్కటే: కలలు తవ్వకాల్లో దొరకవు.

జవాబు: సోషల్ టీచరమ్మ (రిటైర్డ్)

కలలు దొరకవు గానీ, చేతులు చేసిన పనులు దొరుకుతాయి బాబూ. ముప్పై ఏళ్ళు ఈ పాఠం చెప్పాను కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

ముందు నా తప్పు ఒప్పుకుంటాను. ఇరాక్‌లోని షానిదార్ గుహలో నియాండర్తల్ (అంతరించిపోయిన వేరే మానవజాతి) మనిషిని పూలమీద పడుకోబెట్టి పాతిపెట్టారని ప్రతి ఏడూ పిల్లలకు చెప్పేదాన్ని. ఆ అస్థిపంజరం చుట్టూ పూల పుప్పొడి దొరికింది. ఆ పాఠం చెప్పేటప్పుడు వెనక బెంచీ కూడా నిశ్శబ్దంగా ఉండేది. తర్వాత తెలిసింది, అక్కడ ఎలుక జాతి జంతువుల బొరియలున్నాయి, పుప్పొడిని అవో తేనెటీగలో తెచ్చి ఉండవచ్చని. పూల మాట పక్కన పెట్టినా శవాలను గుహలో జాగ్రత్తగా ఉంచారన్న మాట మిగులుతుంది. అది చిన్న విషయమేమీ కాదు.

ఇజ్రాయెల్‌లోని కఫ్జే గుహలో ఇంకా గట్టి ఆధారం ఉంది. 90 వేల నుంచి లక్ష ఏళ్ళ నాటి సమాధులు, మన జాతి మనుషులవే. ఒక పిల్లవాడి ఎదమీద దుప్పి కొమ్ములు పెట్టారు. ఆ గుహలో జేగురు, అంటే ఎర్రమట్టి, ముద్దలు కూడా దొరికాయి. రష్యాలో సుంగీర్ అనే చోట, సుమారు 34 వేల ఏళ్ళ క్రితం, ఇద్దరు పిల్లలను తలలు దగ్గరగా ఉండేట్టు ఒకే గోతిలో పడుకోబెట్టి జేగురు చల్లారు. ఒకరి తొడ ఎముకలు వంకర. వాళ్ళ మీద మామత్ (మంచుయుగపు ఏనుగు) దంతంతో చేసిన పూసలు పదివేలకు పైగా ఉన్నాయి. పూసకు గంట చొప్పున వేసుకోండి, రోజుకు ఎనిమిది గంటలు కూర్చుంటే ఒక మనిషికి మూడున్నర ఏళ్ళ పని. మంచుయుగంలో, వేట మానుకుని! దీన్ని భయం అంటారో ప్రేమ అంటారో మీ ఇష్టం. వాళ్ళు ఏం నమ్మారో మాత్రం పూసలు చెప్పవు.

ఇక మీ రాయి. మధ్యప్రదేశ్‌లో సోన్ నది లోయలో బాఘోర్ అనే చోటు ఉంది, సీధీ జిల్లా. 1980ల మొదట్లో పురావస్తు శాస్త్రవేత్తలు జి.ఆర్. శర్మ, డెస్మండ్ క్లార్క్‌ల బృందం అక్కడ తవ్వింది. పది, పదకొండు వేల ఏళ్ళ నాటి పొరలో ఇసుకరాతి ముక్కలు పేర్చిన గుండ్రటి అరుగు బయటపడింది. మీటరు వెడల్పు కూడా లేదు. దాని మీదా చుట్టూ ముక్కలైన రాయి ఒకటి. ముక్కలు కలిపి చూస్తే జానెడు కన్నా చిన్న త్రికోణం. ఎవరూ చెక్కింది కాదు. పసుపు, ఎరుపు గీతలు ఒకదాని లోపల ఒకటిగా రాతిలోనే సహజంగా ఉన్నాయి. అలాంటి రాళ్ళు దగ్గరి కైమూర్ కొండల మీద దొరుకుతాయి. అంటే ఎవరో దాన్ని చూసి, నచ్చి, మోసుకొచ్చి, అరుగు కట్టి నిలబెట్టారు.

అసలు సంగతి ఏమిటంటే, ఆ చుట్టుపక్కల ఉండే కోల్, బైగా కుటుంబాలు ఇప్పటికీ అలాంటి త్రికోణపు రాళ్ళనే అరుగుల మీద పెట్టి మాయి అని, అమ్మ అని కొలుస్తున్నాయి.

దీన్ని పట్టుకుని పదివేల ఏళ్ళుగా అదే పూజ తెగకుండా సాగుతోందని మాత్రం అనకండి, మధ్యలో ఏం జరిగిందో చెప్పే రాళ్ళు లేవు. కృష్ణ ఒడ్డున ముడుమాలకు వెళ్ళి చూడండి, మన నారాయణపేట జిల్లాయే. రెండు నిలువుల ఎత్తు రాళ్ళు పొలాల మధ్య నిలబడి ఉంటాయి, వేల ఏళ్ళ నాటివి. వాటిలో ఒకదాన్ని ఊరివాళ్ళు ఎల్లమ్మగా కొలుస్తారు. రాయి పాతినవాళ్ళ ఉద్దేశం వేరు, పసుపు రాసినవాళ్ళ ఉద్దేశం వేరు కావచ్చు. నన్నడిగితే చెయ్యడం ముందు, కథ తర్వాత. జేసీబీ అబ్బాయికి ముత్యాలమ్మ కథ తెలియదు, కాయ కొట్టాలని మాత్రం తెలుసు.

జవాబు: నాపరాయి

టీచరమ్మ గారికి నమస్కారం. మాది బేతంచెర్ల దగ్గర రాతి గని. చదువు తక్కువ గానీ రాయి గురించి అయితే మాట్లాడగలను.

తుర్కియేలో ఉర్ఫా దగ్గర గోబెక్లి తెపె అనే దిబ్బ ఉంది. క్లాస్ ష్మిట్ అనే జర్మన్ ఆయన 1995 నుంచి తవ్వాడు. 11 వేల ఏళ్ళు దాటిన రాతి స్తంభాలు, మా నాపరాయి లాంటి సున్నపురాయే. పెద్దవి ఐదున్నర మీటర్లు, పది టన్నుల వరకూ బరువు. ఇనుము లేదు, బండి లేదు. చెకుముకి రాతి పనిముట్లతో చెక్కారు. పక్కనే గనిలో, ఇంకా పెద్దది, సుమారు ఏడు మీటర్లది, సగం తొలిచి అలాగే వదిలేశారు. దాని ఫొటో చూసి చాలాసేపు నవ్వుకున్నాను. మా గనిలోనూ అలాంటివి ఉన్నాయి. పొర విడుతుందని ఆశపడతాము, విడదు, మేస్త్రీ చెయ్యి దులుపుకుని వెళ్ళిపోతాడు.

మాకు ఇప్పుడు క్రేను ఉంది. మా తాత రోజుల్లో టన్ను రాయి జరపాలంటే గునపాలు, మోకులు, ఇరవై మంది. పది టన్నులకు ఎంతమందో లెక్కేసుకోండి. అంతమందికి తిండి పెట్టాలి. అక్కడ జింకల ఎముకలు, అడవి ఎద్దుల ఎముకలు గుట్టలుగా దొరికాయి మరి. వ్యవసాయం ఇంకా రాకముందే గుడి వచ్చిందని ష్మిట్ అన్నాడు. తర్వాతి తవ్వకాల్లో ఇళ్ళు, తిరగలి రాళ్ళు కూడా బయటపడ్డాయి కాబట్టి ఉత్త గుడి అనడం కుదరడం లేదు. నాకు అదే సబబుగా తోస్తుంది. పనివాళ్ళు ఎక్కడో ఒకచోట పడుకోవాలి కదా.

ఇంకొక్కటి. ఆ స్తంభాలకు చేతులున్నాయి, వేళ్ళున్నాయి, నడుముకు పట్టీ ఉంది. ముఖం మాత్రం లేదు. నక్కనూ తేలునూ అంత చక్కగా చెక్కినవాళ్ళకు ముఖం చెక్కడం రాక కాదు.

జవాబు: సైటు ఇంజనీరు

ముగ్గురికీ కృతజ్ఞతలు. ముఖం మాట చదివి నిన్న సాయంత్రం పని ముగిశాక అటు వెళ్ళాను.

రాయికి ఇత్తడి ముఖం తొడిగారు. కింద గ్రానైట్ గద్దె, పైన రేకుల షెడ్డు, ముందు తాళం వేసిన హుండీ. సాక పోసిన ముసలావిడ కనబడలేదు. గద్దె మీద కూర్చున్న ఇద్దరు కుర్రవాళ్ళు నన్ను గుర్తుపట్టలేదు, కొత్తవాణ్ణనుకుని స్థలమహిమ చెప్పారు. రోడ్డు వేసేటప్పుడు అమ్మవారిని కదిలించబోతే జేసీబీ ఇంజను రెండు గంటలు స్టార్టు కాలేదట. అప్పుడొక ఇంజనీరు వచ్చి కాళ్ళమీద పడ్డాడట.

కొబ్బరికాయ కొట్టు మూసి ఉందని చెబుదామని నోటిదాకా వచ్చింది. చెప్పలేదు.