అప్‌డేట్: వానపాముల ఎర గురించి

వానపాములు గాలానికి నిలవట్లేదని, సముద్రంలోనూ పనికొస్తాయా అని అడిగాను కదండీ. మీరు చెప్పినట్టే ఉండలా చుట్టకుండా రెండు మూడు చోట్ల గుచ్చి, తోక చివర వదిలేశాను. అది నీళ్లలో మెలికలు తిరుగుతుంటే గోదావరి కాలువలో జెల్ల, ఇంగిలాయి చేపలు బాగా పడ్డాయి. ఇంగిలాయి ముల్లుతో మాత్రం జాగ్రత్త, గుచ్చుకుంటే చెయ్యంతా సలుపుతుంది.

వానపాముల్ని పెంటకుప్ప పక్కన తవ్విన తడిమట్టితోనే చిల్లుల డబ్బాలో పోసి నీడన ఉంచాను, హుషారుగా ఉన్నాయి.

కాకినాడ తీరంలో మాత్రం వానపాములతో లాభం లేదు. ఉప్పునీరు వాటి ఒంట్లోని నీటిని లాగేస్తుంది, కాసేపటికే వేలాడిపోతాయి. అక్కడ పచ్చిరొయ్య ముక్కే నయం. బురద ఇసుకలో దొరికే సముద్రపు పురుగులైతే ఉప్పుకు అలవాటుపడ్డవే, ఈసారి వాటితో చూస్తాను. సలహా ఇచ్చిన అందరికీ థాంక్స్.