సంగీతకారుల మత్తు వ్యసనం: తప్పు మనిషిదా, సావాసానిదా? బ్యాండ్ ఏం చేయాలి?

శ్రుతిపెట్టె (ప్రశ్న)

అందరికీ నమస్కారం. బ్యాండ్ ఒప్పందంలో మత్తుమందుల గురించి ఏం రాసుకోవాలన్న మాట వచ్చినప్పుడల్లా చర్చ రెండుగా చీలిపోతుంది. ఎవరూ బలవంతంగా సూది గుచ్చలేదు కదా, చేసుకున్నవాడికి చేసుకున్నంత అని ఒక పక్షం. ఆర్నెల్లు సావాసం చేస్తే వారు వీరవుతారు, అర్ధరాత్రి గ్రీన్‌రూమ్‌లో పెద్దవాళ్లంతా ఒకే పని చేస్తుంటే పంతొమ్మిదేళ్ల కుర్రాడు ఏం చేస్తాడని రెండో పక్షం. రెండు పక్షాలూ 1940లు, 50ల నాటి న్యూయార్క్ జాజ్‌నే సాక్ష్యానికి పిలుస్తాయి.

నాకు రెండు సంగతులు కావాలి. ఆ చరిత్ర అసలు ఏం చెబుతోంది? తోటివాడొకడు వాడుతున్నాడని తెలిశాక మిగతావాళ్లు అతన్ని తీసేయాలా, ఉంచుకోవాలా? దయచేసి నీతిబోధ వద్దు, పనికొచ్చే వివరాలు చెప్పండి.

నీలాంబరి

శ్రుతిపెట్టె గారూ, ఎవరికి కావలసిన సగం వాళ్లు చెప్పుకుంటున్నారు కాబట్టే ఈ వాదన తెగదు.

జాజ్ సాక్సోఫోన్ వాద్యకారుడు చార్లీ పార్కర్‌కి 1936లో కారు ప్రమాదం జరిగి పక్కటెముకలు విరిగాయి. నొప్పి తగ్గడానికి మార్ఫిన్ ఇచ్చారు. తర్వాత హెరాయిన్ పట్టుకుంది. పాతికేళ్లు వచ్చేసరికి సాక్సోఫోన్ పట్టిన ప్రతి కుర్రాడికీ అతనే గురువు. ఆ వేగం, ఆ స్వరకల్పన రావాలంటే అతను తీసుకునేదే తామూ తీసుకోవాలని నమ్మినవాళ్లు తక్కువమందేం కాదు. పార్కర్ మాత్రం కుర్రాళ్లకి వద్దనే చెప్పేవాడు. 1949లో అతని బృందంలో చేరిన ట్రంపెట్ వాద్యకారుడు రెడ్ రాడ్నీ ఆ రోజుల్లోనే హెరాయిన్‌కి బానిసయ్యాడు. నోటితో వద్దంటూ కళ్ల ముందు వాడుతుంటే ఆ మాట ఎవరు వింటారు? 1955 మార్చిలో పార్కర్ చనిపోయేనాటికి వయసు 34. శవాన్ని చూసిన డాక్టరు యాభై పైనే ఉంటాయనుకున్నాడు.

సావాసం పక్షం కథ ఇక్కడితో ఆపేస్తుంది. కానీ అదే రోజుల్లో, అదే వేదిక మీద, పార్కర్ పక్కనే ట్రంపెట్ వాయించిన డిజ్జీ గిలెస్పీ హెరాయిన్‌కి లొంగలేదు. గాలి ఒకటే, క్లబ్బులు ఒకటే, శ్రోతలూ ఒకటే.

1950లలో చార్లెస్ వినిక్ అనే సామాజిక శాస్త్రవేత్త న్యూయార్క్‌లో 357 మంది జాజ్ సంగీతకారులతో మాట్లాడాడు. తమతో కలిసి వాయించేవాళ్ల అలవాట్ల గురించి అడిగాడు. వాళ్లు చెప్పిన దాని ప్రకారం హెరాయిన్ ఒక్కసారైనా తీసుకున్నవాళ్లు 53 శాతం, క్రమం తప్పకుండా వాడేవాళ్లు 16 శాతం. పక్కవాడి గురించి చెప్పిన లెక్క కాబట్టి అంకెలని మరీ గట్టిగా పట్టుకోకూడదు. అయినా ఆ రెండు అంకెల మధ్య దూరం చూడండి. సగం మంది దాకా తీసుకెళ్లింది సావాసమే అనుకుందాం. వాళ్లలో ఎక్కువమంది ఎందుకు బయటపడ్డారు, మిగతావాళ్లు ఎందుకు ఇరుక్కుపోయారు అన్నది సావాసం ఒక్కటే తేల్చలేదు. ఒంట్లో నొప్పి, వేదిక భయం, వంశంలో ఉన్న వ్యసనం, చేతికి మందు ఎంత సులువుగా దొరుకుతోంది అన్నవన్నీ అక్కడ కలుస్తాయి.

ఇంకో మాట చెప్పకపోతే ఈ చరిత్ర పూర్తి కాదు. సావాసం మంచివైపు కూడా లాగుతుంది. సాక్సోఫోన్ వాద్యకారుడు సోనీ రోలిన్స్ 1955లో కెంటకీలోని లెక్సింగ్టన్ ప్రభుత్వ ఆసుపత్రిలో చేరి హెరాయిన్ మానేశాడు. బయటికి రాగానే వేదిక ఎక్కలేదు. షికాగోలో ఊడ్చే పని, మోసే పని చేసుకుంటూ కొన్నాళ్లు క్లబ్బులకి దూరంగా ఉన్నాడు. ఆ ఏడాది చివర్లో క్లిఫర్డ్ బ్రౌన్, డ్రమ్మర్ మాక్స్ రోచ్‌ల బృందంలో చేరాడు. బ్రౌన్ మత్తు జోలికి పోనివాడు, ఆ తరం ట్రంపెట్ వాద్యకారుల్లో మొదటి వరసవాడు. మత్తు లేకుండానే ఇంత బాగా వాయించొచ్చని రోజూ పక్కనే కనిపించడం తనకి ఎంత మేలు చేసిందో రోలిన్స్ తర్వాత చాలాసార్లు చెప్పాడు. 1956 జూన్‌లో బ్రౌన్ రోడ్డు ప్రమాదంలో పోయాడు, 25 ఏళ్లకే. అంత దెబ్బ తగిలినా రోలిన్స్ వెనక్కి వెళ్లలేదు.

లయవిన్యాసం

నీలాంబరి గారు చెప్పిన చరిత్రతో పేచీ లేదు. కానీ “ఎవరి తప్పు” అని ఒకే గాటన కట్టి అడగడమే నాకు నచ్చదు. మొదటిసారి తీసుకునే మనిషి, రోజూ తీసుకుంటున్న మనిషి, మానేసి మూడు వారాలైన మనిషి చేతుల్లో ఉండేవి ఒకటే కావు.

మొదటిసారి దగ్గర ఎంపిక ఎక్కువ, ఒత్తిడీ ఎక్కువ. నా ఉద్దేశంలో ఇక్కడ అందరికంటే పెద్ద బాధ్యత చేతికి అందించిన సీనియర్‌ది. కుర్రాడికి అవకాశం ఇచ్చేదీ ఆయనే, రేపటి ప్రోగ్రాంకి పిలిచేదీ ఆయనే. ఆయన చేయి చాపితే కాదనడం ఎంత కష్టమో ఆయనకి తెలుసు. ఒప్పందంలో ఏం రాసినా రాయకపోయినా ఈ ఒక్కటీ రాయండి: జూనియర్‌కి మత్తుమందు అందించినవాడు ఆ రోజుతో బ్యాండ్‌లో లేడు. రెండో అవకాశం లేదు.

అలవాటు ముదిరాక ఎంపిక తగ్గుతుంది. పూర్తిగా పోదు. హెరాయిన్ లాంటివాటిలో చివరి డోసు తర్వాత 8 నుంచి 12 గంటల్లో విత్‌డ్రాయల్, అంటే మత్తు అందక ఒళ్లు తిరగబడడం, మొదలవుతుంది. ముక్కు కారడం, చెమటలు, కడుపు మెలిపెట్టడం, కాళ్లు లాగేయడం. రెండో మూడో రోజుకి పరాకాష్ఠకి చేరి, వారం నాటికి దిగుతుంది. అప్పటికి ఆ మనిషి వెతుక్కునేది ఆనందం కోసం కాదు, ఆ సాయంత్రం నిలబడి వాయించగలగడం కోసం. “గట్టిగా అనుకుంటే మానేయొచ్చు కదా” అనేవాళ్లు ఈ గంటల లెక్క ఒకసారి చూడాలి. ఎవరు త్వరగా చిక్కుకుంటారన్న దాంట్లో దాదాపు సగం వారసత్వానిదే అని కవలల మీద చేసిన పరిశోధనలు చెబుతున్నాయి. ఆ సగాన్ని ఎవరూ కోరి తెచ్చుకోలేదు.

పరిసరాల బలం ఎంతో తెలియాలంటే వియత్నాం నుంచి తిరిగొచ్చిన అమెరికా సైనికుల సంగతి చూడండి. 1971లో తిరిగొచ్చినవాళ్లని లీ రాబిన్స్ బృందం వెతికి పట్టుకుని మాట్లాడింది. అక్కడుండగా హెరాయిన్‌కి బానిసలయ్యామని చెప్పినవాళ్లు దాదాపు 20 శాతం. వాళ్లలో ఇంటికొచ్చిన మొదటి ఏడాదిలో మళ్లీ బానిసలైనవాళ్లు 5 శాతం మాత్రమే. చోటు మారింది, తోటివాళ్లు మారారు, మందు చేతికందడం మానేసింది. సంగీతకారుడికి ఆ సౌకర్యం లేదు. రిహాబ్ (వ్యసనం మాన్పించే కేంద్రం) నుంచి వచ్చినవాడు అదే వ్యాన్ ఎక్కుతాడు, అదే గ్రీన్‌రూమ్‌లో కూర్చుంటాడు, అదే మొహాలు చూస్తాడు. ఆ వాసనకి, ఆ వెలుతురుకే తలపు లేస్తుంది. దీన్ని బలహీనత అనకండి, మెదడు నేర్చుకున్న పాఠం అది.

అయినా మనిషి దగ్గర మిగిలే బాధ్యత ఉంది. దాచకుండా చెప్పడం, డాక్టర్ దగ్గరికి వేళకి వెళ్లడం, ఇంకొకడిని ఇందులోకి లాగకపోవడం. ఈ మూడూ ఎంత ముదిరిన దశలోనైనా అడగొచ్చు. అంతకంటే ఎక్కువ అడిగితే అబద్ధాలు వింటాం.

శ్రుతిపెట్టె

ఇద్దరికీ ధన్యవాదాలు. అసలు చిక్కు మాత్రం అలాగే ఉంది. తీసేస్తే మనిషి మరింత పాతాళానికి పోతాడంటారు. ఉంచుకుంటే మనమే అతని అలవాటుకి డబ్బు కడుతున్నామంటారు. 1957లో హెరాయిన్ వాడుతున్న సాక్సోఫోన్ వాద్యకారుడు జాన్ కోల్ట్రేన్‌ని ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ తన బృందం నుంచి తీసేసిన ఉదాహరణ ప్రతి చర్చలోనూ వస్తుంది.

మూడోకాలం

ఆ ఉదాహరణని జాగ్రత్తగా వాడాలండీ. మైల్స్ డేవిస్ తానే కొన్నేళ్ల ముందు హెరాయిన్ మానినవాడు. కోల్ట్రేన్ 1957లో ఉద్యోగం పోయాక మానేశాడు, ఆ వేసవిలో పియానో వాద్యకారుడు థెలోనియస్ మంక్‌తో వాయించాడు, 1958 నాటికి మళ్లీ మైల్స్ బృందంలో ఉన్నాడు. అంటే బయటికి పంపిన తలుపు మూసుకోలేదు, మధ్యలో వాయించడానికి ఇంకో చోటు దొరికింది. ఆ రెండూ లేనివాళ్ల సంగతి జాజ్ గాయని బిల్లీ హాలిడేని చూస్తే తెలుస్తుంది. 1947లో మత్తుమందుల కేసులో శిక్ష పడ్డాక న్యూయార్క్ పోలీసులు ఆమెకి క్యాబరే కార్డు ఇవ్వలేదు. మద్యం అమ్మే క్లబ్బుల్లో పాడడానికి ఆ కార్డు తప్పనిసరి. బతుకుతెరువు పోయింది, వ్యసనం పోలేదు. 1959లో పోయేదాకా అదే కథ. ఆ కార్డు పద్ధతిని 1967లో గానీ ఎత్తేయలేదు.

అందుకని “తీసేయడం” బదులు “వేదిక దింపి, తలుపు తెరిచి ఉంచడం” అని రాసుకోండి. రాతలో ఉండాల్సినవి ఇవి. ఎన్నాళ్లు పక్కన ఉండాలి (మూడు నెలలకి తక్కువ పెట్టకండి). ఆ కాలంలో అతని బదులు ఎవరు వాయిస్తారు, అతను తిరిగొస్తే ఆ సీటు ఎవరిది. పాత రికార్డింగుల వాటా అతనికి అందుతూనే ఉంటుందా. తిరిగి రావడానికి షరతు ఏమిటి: చికిత్సలో కొనసాగుతున్నట్టు డాక్టర్ రాసిన కాగితం చాలు, వివరాలు అడగొద్దు. ఇవన్నీ ఎవరూ వాడని రోజుల్లో, అందరూ ప్రశాంతంగా ఉన్నప్పుడు రాసుకోవాలి. గొడవ మధ్యలో రాసిన నియమం ఒకే మనిషి మీద రాసినట్టుంటుంది, అతను సంతకం పెట్టడు.

ఇక నిజంగా చెడేది ఎక్కడంటే, ప్రోగ్రాం అయ్యాక వచ్చే రెండు గంటల్లో. దీని మీద బ్యాండ్‌లు అసలు దృష్టి పెట్టవు. చప్పట్లు ఆగిపోయాయి, ఒళ్లంతా ఇంకా వేడిగా ఉంది, నిద్ర దరిదాపుల్లో లేదు. కేబుళ్లు చుడుతుంటే నిర్వాహకుడు వచ్చి నోట్లు చేతిలో పెడతాడు. ఫ్రిజ్ నిండా ఉచిత బీరు. వ్యాన్ మాత్రం అందరూ ఎక్కితే గానీ కదలదు. అమ్మేవాడు ఆ వేళకే వస్తాడు, ఎందుకంటే చేతుల్లో డబ్బు, ముందు ఖాళీ రాత్రి రెండూ అప్పుడే ఉంటాయని వాడికి తెలుసు. ఆ రెండు గంటలని మార్చండి. పారితోషికం రాత్రి నగదుగా తీసుకోకుండా మర్నాడు బ్యాంకులో వేయించుకోండి. నిర్వాహకులకి పంపే జాబితాలో మద్యం కొట్టేసి వేడి భోజనం రాయండి. వెంటనే వెళ్లిపోవాలనుకునేవాళ్లకి వేరే బండి పెట్టండి. మానేసినవాడికి గది పంచుకునే మనిషి వాడనివాడై ఉండాలి, మర్నాడు పొద్దున్నే ఏదో ఒక పని ఉండాలి. ఖర్చు పెద్దగా ఏమీ కాదు. మనిషి మీద నిఘా పెట్టే అవసరమూ తగ్గుతుంది.

అప్పు మాత్రం ఇవ్వకండి. అద్దె కట్టాలంటే ఇంటి యజమానికి కట్టండి, మందులు కావాలంటే మందుల షాపులో కట్టండి.

సంజీవని

పైవాళ్లు వదిలేసిన వైద్యం సంగతి రాస్తాను. ఇక్కడ తెలియక చేసే పొరపాట్లకి ప్రాణాలు పోతాయి.

మొదటిది, “రేపట్నుంచి అన్నీ బంద్” అని గదిలో తలుపేసుకోవడం. హెరాయిన్ ఒక్కటే అయితే నరకంగా ఉంటుంది గానీ ఆరోగ్యవంతుడు సాధారణంగా బతుకుతాడు. వాంతులు, విరేచనాల వల్ల ఒంట్లో నీరు తగ్గకుండా చూసుకోవాలి. మద్యం గానీ నిద్రమాత్రలు, ఆందోళన మాత్రలు గానీ రోజూ వాడుతున్నవాడు హఠాత్తుగా మానేస్తే ఫిట్స్ వస్తాయి. మద్యంలో అయితే మొదటి రెండు రోజుల్లో ఫిట్స్, రెండు నుంచి నాలుగు రోజుల మధ్య మతి చలించడం, గుండెదడ, జ్వరం. చికిత్స లేకపోతే చావు దాకా వెళ్తుంది. సంగీతకారుల్లో మద్యం, మాత్రలు కలిపి వాడడం మామూలే కాబట్టి ముందు డాక్టర్‌కి అన్నీ చెప్పాలి, తర్వాతే మానడం.

రెండోది, హెరాయిన్ మానడానికి డాక్టర్ ఇచ్చిన మందు గురించి బ్యాండ్‌వాళ్లు “ఆ మందు కూడా మానేస్తేనే శుభ్రమైనట్టు” అనడం. బ్యూప్రెనార్ఫిన్, మెథడోన్ అనేవి చికిత్స. నిలకడైన డోసు మీద ఉన్నవాడు మామూలుగా వాయించగలడు. డాక్టర్ మాట కాదని వాటిని ఆపించిన తోటివాడు మేలు చేస్తున్నాననుకుని పెద్ద ప్రమాదం తెచ్చిపెడతాడు. బ్యూప్రెనార్ఫిన్ మొదలుపెట్టడానికీ ఒక వేళ ఉంది. విత్‌డ్రాయల్ స్పష్టంగా మొదలయ్యాకే మొదటి డోసు వేయాలి. హెరాయిన్ ఇంకా ఒంట్లో ఉండగా వేస్తే నిమిషాల్లో విత్‌డ్రాయల్ విరుచుకుపడుతుంది, “ఈ మందు నాకు పడదు” అని మనిషి పారిపోతాడు.

మూడోది అన్నిటికంటే ముఖ్యం. రిహాబ్ నుంచి వచ్చిన మొదటి వారాలు వాడుతున్న రోజులకంటే ప్రమాదం. ఒళ్లు పాత డోసుని తట్టుకునే శక్తి పోగొట్టుకుంటుంది, మనసు మాత్రం పాత డోసునే గుర్తుపెట్టుకుంటుంది. ఇప్పుడు బయట దొరికే మాత్రల్లో ఏముందో కూడా తెలియదు. 2016లో అమెరికా పాప్ గాయకుడు ప్రిన్స్ చనిపోయింది మామూలు నొప్పి మాత్రల్లా తయారుచేసిన నకిలీ మాత్రల్లోని ఫెంటనిల్ (హెరాయిన్ కంటే చాలా తీవ్రమైన మత్తుమందు) వల్ల.

కాబట్టి వాయిద్యాల పెట్టెలో నాలోక్సోన్ (హెరాయిన్, ఫెంటనిల్ లాంటివాటి మోతాదు మించితే వాటి ప్రభావాన్ని తిప్పికొట్టే మందు) ముక్కు స్ప్రే రెండు ఉంచండి. గుర్తులు తెలుసుకోండి. కనుపాపలు సూదిమొనంత, పెదవులు నీలం, ఊపిరి చాలా నెమ్మది, గొంతులో గుడగుడమనే గురక. ఆ గురక విని “అలిసిపోయి పడుకున్నాడులే” అని దుప్పటి కప్పి వెళ్లిపోవడం వల్ల పోయిన ప్రాణాలు ఎన్నో. గట్టిగా పిలవండి, పిడికిలి కణుపులతో రొమ్ము ఎముక మీద రుద్దండి. లేవకపోతే అంబులెన్స్‌కి ఫోన్ చేయండి, ఒక ముక్కురంధ్రంలో 4 మిల్లీగ్రాముల స్ప్రే కొట్టండి. ఊపిరి ఆడకపోతే ముక్కు మూసి, గడ్డం పైకెత్తి, 5 సెకన్లకి ఒకసారి నోటితో గాలి ఊదండి. 2, 3 నిమిషాల్లో మార్పు లేకపోతే రెండో స్ప్రే, రెండో ముక్కురంధ్రంలో. ఊపిరి అందుకున్నాక పక్కకి తిప్పి పడుకోబెట్టండి. మద్యానికీ నిద్రమాత్రలకీ ఇది పనిచేయదు, కానీ ఏం తీసుకున్నాడో తెలియనప్పుడు కొట్టడం వల్ల నష్టం లేదు.

లేచిన మనిషి చిరాకుగా ఉంటాడు, నాకేం కాలేదు వెళ్తానంటాడు. పంపకండి. నాలోక్సోన్ 30 నుంచి 90 నిమిషాల్లో దిగిపోతుంది, ఒంట్లో మత్తుమందు ఇంకా ఉంటే మళ్లీ ఊపిరి ఆగొచ్చు. స్ప్రే ఏ పెట్టెలో ఉందో డ్రైవర్‌తో సహా అందరికీ తెలిసి ఉండాలి. ఎండలో నిలిపిన వ్యాన్‌లో వదిలేయకండి, వేడికి పాడవుతుంది. టూర్‌కి బయల్దేరే ముందు గడువు తేదీ చూసుకోండి.