విదేశీ ఓడల్లో ఆఫీసరు ఉద్యోగం: అడ్డు పౌరసత్వమా, సర్టిఫికెట్టా?

పటమట_ఇంటర్: ఎంపీసీ అయింది, ఓడల్లో డెక్ ఆఫీసరు కావడానికి డీఎన్‌ఎస్ (నాటికల్ సైన్స్ డిప్లొమా) చేద్దామనుకుంటున్నా. విదేశీ ఓడల్లో ఇకమీదట వాళ్ల పౌరులకే ఆఫీసరు పోస్టులంటున్నారు. నిజమేనా అన్నా?

బెజవాడ_బ్రిడ్జి: తమ్ముడూ, ఓడ జెండా (అంటే ఓడ రిజిస్టరైన దేశం) వేరు, ఆఫీసరు పౌరసత్వం వేరు, సర్టిఫికెట్ ఇచ్చిన దేశం వేరు. మూడూ కలిపేసి భయపెడుతున్నారు. అమెరికా జెండా ఓడలో కెప్టెన్, చీఫ్ ఇంజనీర్, వాచ్ (డ్యూటీ షిఫ్టు) చూసే ఆఫీసర్లు అమెరికా పౌరులే అయ్యుండాలి. పనామా, లైబీరియా, మార్షల్ దీవుల జెండాలకి ఆ పట్టింపు లేదు.

గుంటూరు_లా: స్పెయిన్ కూడా ఒకప్పుడు తన జెండా ఓడల్లో కెప్టెన్, చీఫ్ మేట్ (కెప్టెన్ తర్వాతి ఆఫీసరు) పోస్టులు తన పౌరులకే ఉంచుకుంది. నడిసముద్రంలో కెప్టెనే పోలీసు, జనన మరణాలు రాసేదీ ఆయనే, అందుకని సర్కారు అధికారం పరాయివాడి చేతిలో పెట్టలేమని వాదన. ఆ అధికారాలు తరచూ వాడుతుంటేనే, అవి పనిలో మరీ చిన్న భాగం కాకపోతేనే అలా చెయ్యొచ్చని 2003లో యూరోపియన్ యూనియన్ కోర్టు తేల్చింది. ఆ తీర్పు యూరోపియన్ యూనియన్ పౌరుల కోసం, మనకి నేరుగా వర్తించదు. మన 2025 మర్చంట్ షిప్పింగ్ చట్టం సడలించింది ఓడ యజమానుల అర్హతలు, దాన్నీ దీన్నీ కలపకండి.

బెజవాడ_బ్రిడ్జి: అసలు చిక్కు ఎండార్స్‌మెంట్ దగ్గర. ఇండియా సీఓసీ (ఆఫీసరుగా పనిచేసే అర్హత సర్టిఫికెట్) ఉన్నా, జెండా దేశం దాన్ని గుర్తిస్తూ తన కాగితం ఇవ్వాలి. దరఖాస్తు పెట్టిన రుజువు ఓడలో ఉంటే, అది వచ్చేలోగా 3 నెలల వరకు పనిచేయనివ్వొచ్చు. మనవాళ్లకి దెబ్బ కొట్టేది ఇంటిపేరు: టెన్త్ మెమోలో ఒక్క అక్షరం, పాస్‌పోర్టులో పూర్తిగా. ఈ తేడా ఇప్పుడే సరిచేయించుకో, తర్వాత ప్రతి కాగితం దగ్గరా ఆగుతావు.

మేట్_మంగళగిరి: ఫీజు కట్టేముందు కళ్లు చూపించుకో. డెక్‌కి, అంటే ఓడ నడిపే విభాగానికి, చూపు బాగుండాలి, రంగులు తేడా తెలియాలి. చీకట్లో ఎదుటి ఓడ ఎడమ పక్క ఎర్రదీపం, కుడి పక్క పచ్చదీపం. అది ఎటు పోతోందో చెప్పేవి అవే. ఇంటర్లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్ కలిపి 60 శాతం, ఇంగ్లిష్‌లో టెన్త్‌లోనో ఇంటర్లోనో 50 కావాలి. తర్వాత ఐఎంయూ సెట్ (ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ ప్రవేశ పరీక్ష) రాయాలి. డీఎన్‌ఎస్ ఏడాది, సముద్రంలో 18 నెలలు, అప్పుడు సెకండ్ మేట్ పరీక్ష, డెక్ ఆఫీసరు మొదటి సీఓసీ దాంతోనే.

పటమట_ఇంటర్: ఒక ఏజెంట్ నేరుగా బయటి దేశం సీడీసీ (ఓడల్లో పనిచేసేవాళ్ల గుర్తింపు పుస్తకం) ఇప్పిస్తానంటున్నాడు.

మేట్_మంగళగిరి: వద్దమ్మా, దయచేసి వద్దు. సీడీసీ ఉంటే ఓడ ఎక్కొచ్చేమో, ఆఫీసరువి కావాలంటే సీఓసీ కావాలి, దానికి లెక్కలోకొచ్చే సీ టైమ్ (ఓడలో పనిచేసిన కాలం) కావాలి. ముందు ఇన్‌డోస్ నంబరు (నావికుల జాతీయ డేటాబేస్‌లో నీ నంబరు), ఇండియా సీడీసీ తీసుకో. కంపెనీ ఆర్‌పీఎస్‌ఎల్ (నావికుల్ని ఉద్యోగాల్లో పెట్టే లైసెన్సు) నంబరు అడుగు, ఓడల వ్యవహారాలు చూసే కేంద్ర సంస్థ డీజీ షిప్పింగ్ సైట్‌లో నువ్వే చూసుకో. నంబరు చెప్పడానికి నసిగితే అక్కడినుంచి లేచి వచ్చెయ్.